మిరప చేనికి తోడు

మా తోడికోడలికి పెరుగు తోడు దాచుకోవడం ఏనాడూ చేతకాలేదు. ముందు ఈ సంగతి చెప్పకపోతే మిగతా కథ ఎవరికీ అర్థం కాదు. గిన్నె నిండా పెరుగు తోడుకునేది. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వేసుకోగా, చివరికి గిన్నె గీకి తనే అన్నంలో కలుపుకుని తినేది. సాయంత్రం పాలు కాగాక గుర్తొచ్చేది, తోడుకు చుక్క కూడా లేదని. అప్పుడు స్టీలు గిన్నె పట్టుకుని మా గడప ముందుకొచ్చి నిలబడేది.

"అక్కా, జర తోడున్నదా?"

"నీ కడుపుల పడ్డదంతా ఏమాయెనే? రేపటికి ఇంత ఉంచుకోవాలని తెల్వదా?"

"మరిచిపోయిన అక్కా."

"మరిచిపోతవ్. మొగని మరిచిపోవు, టీవీ మరిచిపోవు, తోడే మరిచిపోతవ్."

నాలుగు మాటలన్నాక గానీ ఇచ్చేదాన్ని కాదు. ఆమె కూడా నవ్వుతూ నిలబడి ఆ నాలుగు మాటలూ విని గానీ కదిలేది కాదు. దీపం పెట్టాక తోడు బయటికి ఇవ్వకూడదని మా అత్తకు పట్టింపు. ఒకసారి దీపం పెట్టాక వస్తే అత్త లోపల్నుంచి అరిచింది, "దీపం పెట్టినంక తోడు అడుగుతరానే, ఇంట్ల లచ్చిమి పోతది!" అని. మా తోడికోడలు గడప దగ్గర్నుంచే, "మనింట్ల లచ్చిమి ఎన్నడున్నదత్తా, ఇప్పుడు పోవుడానికి?" అంది. అత్త కోపం మరిచి నవ్వింది. నేను గిన్నెలో ఇంత తోడు వేసి కొంగు చాటున పంపించాను.

వర్ధన్నపేట దాటి లోపలికి పోతే మా ఊరు. అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డా వాకిలి ఒకటే, పొయ్యిలు రెండు. చేను కూడా అంతే. మధ్యలో ఒక గట్టు, ఇటు మాది, అటు వాళ్ళది. రెండు పక్కలా మిరపే. ఆమె పుట్టిల్లు పరకాల. ఇంటర్ చదివింది. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఈ ఇంట్లో పెద్దదాన్ని నేనే కాబట్టి మాట నాదే చెల్లాలని నా పంతం. అది నా గుణం, ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

చేను సంగతుల్లో నాకు గురువు మా అత్త. ఆమెకు పెంటకుప్ప అంటే పూజ గది లెక్క. పట్నంలో పెంట అంటే ముక్కు మూసుకుంటారేమో గానీ మా దగ్గర పెంట లేని ఇల్లు ఇల్లే కాదు. గుంతలో పేడ, చెత్త, పొయ్యిలో బూడిద పడుతూ ఉండాలి. ఎండాకాలం తిరగెయ్యాలి. చేనికి తోలేముందు అత్త మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి చూసేది. వేడి తగిలితే, "ఇంకా పచ్చిదే" అని చెయ్యి తీసేది. చల్లగా తగిలి, పిడికిట్లో తీసుకుంటే తొలకరి మట్టి వాసన రావాలి. పేడ వాసన వస్తే తోలనిచ్చేది కాదు. ఆమె పోయాక ఆ చెయ్యి పెట్టే పని నాకొచ్చింది.

ఒక ఏడు మా మిరపకు ఎండు తెగులు పట్టింది. పొద్దున పచ్చగా, కాయల మీదున్న చెట్టు మధ్యాహ్నానికి తల వేలాడేసేది. నీళ్ళు తక్కువై అనుకుని నీళ్ళు కట్టాం. మర్నాటికి పక్క చెట్టు, ఆ తరువాత సాలుకు సాలే వాలిపోయింది. పీకి చూస్తే వేరు లోపల నల్లగా ఉంది. దుకాణంలో ఏ మందు ఇస్తే ఆ మందు పోశాం. మందు అయిపోయింది, తెగులు అయిపోలేదు.

ఆ ఏడే మా తోడికోడలు రైతుల మీటింగ్‌కని పోయి, ఒక ప్యాకెట్ పట్టుకొచ్చింది. లోపల ముఖానికి రాసుకునే పౌడర్ లాంటి పొడి.

"ఇది మందు గాదక్కా. దీంట్ల పాణమున్నది. బూజు. కాని మంచి బూజు. వేర్లను కుళ్ళబెట్టే బూజును ఇది తింటదట. పెంటల కలిపి పెంచుకోవాలన్నడు వ్యవసాయం సారు."

నేను వాకిలంతా వినబడేటట్టు నవ్వాను. "చూడుండ్రి! ఇంట్ల బూజు దులుపుడు చేతగాదు గని, బూజును సంచిల కట్టించుకొచ్చింది!"

ఆమె పట్టించుకోలేదు. ఆ పొద్దే తన కొట్టం ముందున్న పేడకుప్పలో ఆ పొడి అంతా కలిపేసింది. తరువాత గోనెసంచులు కప్పి, రోజూ తెరిచి చూసేది. పచ్చటి బూజు వస్తుందన్నాడట సారు. ఎన్ని రోజులు చూసినా ఏమీ రాలేదు. చేలో చెట్లు వాలుతూనే ఉన్నాయి. ఒకనాడు చూస్తే కుప్ప పక్కన కూర్చుని ఏడుస్తోంది. నాకు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. పోయి కుప్పలో చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి తీశాను. లోపల పొయ్యిలాగా కాగుతోంది.

"ఓసి పిచ్చిదానా! పచ్చి పేడల కలిపినవానే? మరిగే పాలల్ల తోడేత్తే ఏమైతది?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నా మొహం చూసింది. "తోడుకోది."

"మరి? పాణమున్నదంటివి. ఉడికి సచ్చింది నీ బూజు."

ఆమె గబుక్కున లేచి నన్ను గట్టిగా వాటేసుకుంది. చేతులకు పేడ ఉందన్న సోయి కూడా లేదు, నా చీరంతా పాడు చేసింది. మళ్ళీ ప్యాకెట్ తెచ్చింది. ఈసారి నా గుంత అడుగునుంచి చల్లారిన పాత పెంట తీశాను, అత్త చూసినట్టే చెయ్యి పెట్టి, వాసన చూసి. ఆమె సారు చెప్పినట్టు వేపపిండి కలిపి, బెల్లం నీళ్ళు చిలకరించింది. రేకుల కొట్టం నీడలో పోసి, తడిపిన గోనెసంచులు కప్పాం. తడి ఎంత ఉండాలో ఆమె చెప్పింది, వేడి ఎంత ఉందో నేను చెప్పాను. ఇద్దరం కీచులాడుకుంటూనే చేశాం.

ఒక పొద్దున కొట్టంలోంచి కేక వినబడింది. "అక్కా! తోడుకున్నది!"

ఉరికి చూస్తే ముందు తెల్లగా నూగులాగా, దాని మీద పాచి పట్టినట్టు పచ్చగా, కుప్పంతా అల్లుకుని ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు తోడు. పెంట అనలేదు, మందు అనలేదు, ప్యాకెట్ మీది పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. తోడు, అంతే.

మరుసటి ఏడు నారు పెట్టేముందు సాళ్ళలో అదే వేశాం. తెగులు మొత్తం పోయిందని అబద్ధం చెప్పను. అక్కడొక చెట్టు ఇక్కడొక చెట్టు వాలింది. కానీ సాలుకు సాలు పోవడం ఆగింది. గట్టు పక్కన వేపచెట్టు కింద ఏటా ముందుగా ఎండిపోయే జాగా ఒకటుండేది వాళ్ళ చేలో, అక్కడ కూడా కాయ ఎర్రబడింది. ఆ కాయలు ఒడిలో పోసుకొచ్చి మా గడప మీద కుమ్మరించింది మా తోడికోడలు.

వింత ఏమిటంటే, పెరుగుకు తోడు దాచలేని మనిషి ఆ కుప్పలోంచి మాత్రం ప్రతి ఏడూ ఒక గంప తీసి పక్కన పెట్టేది. వచ్చే ఏటికి అదే తోడు. ఏటేటా కొత్త ప్యాకెట్ కలపాలమ్మా, పాతదానికి బలం తగ్గుతుంది అని సారు చెప్పాడు. సరే అని కొత్తదీ కలిపేది గానీ పాత గంప లేకుండా కుప్ప వెయ్యనిచ్చేది కాదు. "పాత తోడు లేకపోతే అది మన పెరుగెట్లయితదక్కా?" అనేది. ఊళ్ళో వాళ్ళు కూడా వచ్చి తలా ఒక గంప అడిగి పట్టుకుపోయేవాళ్ళు.

పోయిన కాయ ఏరుడప్పుడే ఆమెకు కడుపునొప్పి మొదలైంది. సాలులో వంగి కాయ కోస్తూ కోస్తూ చెయ్యి కడుపు మీద పెట్టుకుని కూర్చునేది. గ్యాస్ అనుకున్నాం. సోడా తాగింది, వాము నమిలింది. హనుమకొండ దవాఖానలో చూపిస్తే కడుపులో గడ్డ అన్నారు, మామూలు గడ్డ కాదన్నారు. దవాఖాన దగ్గర సుబేదారిలో తెలిసినవాళ్ళ గదిలో ఉంటూ నేనే కొన్నాళ్ళు టిఫిన్ డబ్బా మోశాను. మంచం మీద చిన్న పిల్లంత అయిపోయింది. మొగుడి గురించి అడగలేదు, తన ఒంటి గురించి కూడా అడగలేదు.

"అక్కా, తోడు ఎండిపోనియ్యకు. ఎండలు ముదురుతానయ్. నేనొచ్చేదాంక జర కాపాడు."

"ఏందే? ఒక్కనాడు పెరుగు తోడు దాచని దానివి, నాకు చెప్తానవా?"

నవ్వింది. నవ్వితే నొప్పి లేచి కడుపు పట్టుకుంది. "నవ్వియ్యకక్కా, నీకు దండం పెడుత" అని మళ్ళీ నవ్వింది. "ఫికర్ చెయ్యకు, నేనున్న గద" అని నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చి నా అంతట నేనే ఒక మొక్కు పెట్టుకున్నాను. ఏ దేవునికీ చెప్పలేదు. ఆ గంపెడు తోడు పచ్చగా ఉన్నన్నాళ్ళు ఆమెకు ఏమీ కాదు, వానల నాటికి లేచి వచ్చి తన చేతితోనే కుప్ప వేస్తుంది. ఇంతే నా మొక్కు. ఇంతకన్నా పిచ్చితనం ఉందా? కానీ ఆ ఎండాకాలమంతా నేను బతికింది దాని మీదే. గంపను కొట్టంలో చల్లటి మూల, చల్లారిన పెంట మీద పోసి పెంచాను. బోరు సన్నగా పోసేది. తాగే నీళ్ళ బిందెలోంచి తీసి గోనెసంచులు తడిపాను. మా ఆయన, "మనుషులకు లేవు నీళ్ళు, పెంటకా?" అంటే మొహం మీదే కసిరాను. పొద్దున లేవగానే సంచి ఎత్తి చూసుకోవడం, పచ్చగా ఉంటే, ఇవాళ్టికి బాగానే ఉంటుంది అనుకోవడం.

రోహిణి కార్తెలో ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తీసుకుపొమ్మంటే ఏమిటో అందరికీ తెలుసు. వాకిట్లో వేపకొమ్మల పందిరి కింద మంచం వేశాం. చూడాలంటే కుప్ప దాకా నడవలేదు కదా, నేనే దోసిట్లో ఇంత తీసుకుపోయి ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని వాసన చూసింది.

"మంచిగ తోడుకున్నదక్కా" అంది.

ఆ వారంలోనే పోయింది. ఆమె పోయిన పొద్దున కూడా సంచి ఎత్తి చూశాను. పచ్చగానే ఉంది. నా మొక్కు ఇంత ద్రోహం చేస్తుందనుకోలేదు. కాళ్ళతో తన్నేద్దామనిపించింది ఆ కుప్పను. తన్నలేక దాని పక్కనే కూలబడ్డాను. ఆమె చేతిది ఈ లోకంలో ఇంక అదొక్కటే మిగిలింది. వానలు పడగానే ఆమె చేలో, ఆమె సాళ్ళలో ఈ తోడే వెయ్యాలి. ఇంకేం చెయ్యలేను ఆమెకు, ఇదొక్కటి చేస్తాను అనుకున్నాను.

పెద్దకర్మకు ముందు ఆమె తల్లిని తీసుకురావడానికి పరకాల పోయాను. ముసలామెకు మోకాళ్ళు పని చెయ్యవు, ఒక్కతే బస్సెక్కలేదు. పొద్దున పోయి, ఆమెను ఆటోలో పట్టుకుని కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం దాటాక వచ్చాను. ఇల్లంతా కడిగి ఉంది. చావు మైల పోవాలని పాత కుండలు బయట పారేశారు, నా ఇంట్లోవీ వాళ్ళింట్లోవీ పాలు, పెరుగు పారబోశారు, గోడలకు సున్నం కొట్టారు. అదంతా మామూలే. కొట్టం వైపు చూశాను. మూల ఖాళీగా ఉంది. నేల మీద సున్నం చల్లి ఉంది, తెల్లగా.

కర్మకని వచ్చిన మా పెద్దాడబిడ్డ తడి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఇక్కడిదేమాయె వదినే? ఇక్కడి కుప్ప?"

"గదా? బయట పోయించిన. సంచులు కప్పి ఉంటే ఏందని తమ్ముణ్ణడిగిన. 'అది వాళ్ళ తోడు' అన్నడు. మైలపడ్డ తోడు ఇంట్ల ఉంచుకుంటరా బిడ్డా? మనిషి పోయిన ఇంట్ల తోడు పారబొయ్యాలె. ఫినాయిల్ చల్లిచ్చి, సున్నం గొట్టిచ్చిన."

నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు. పెద్దదాన్ని పట్టుకుని అనరాని మాటలన్నాను. ఆమె మొదట తెల్లబోయింది, తరువాత ఆమెకూ ఏడుపొచ్చింది.

"మీరే గదనే దాన్ని తోడు అనుకుంట తిరిగింది! పెంట అంటే నేనెందుకు ముట్టుకుందు? పెంటకు మైలేంది?"

నిజమే. మైల పెరుగుకుంటుంది, పెంటకుండదు. ఆ ఇంట్లో ఎవరైనా దాన్ని పెంట అని ఉంటే ఎవ్వరూ ముట్టుకునేవాళ్ళు కాదు. మేమిద్దరం ముద్దుగా పెట్టుకున్న పేరే దాన్ని చంపింది.

రోడ్డు పక్కకు ఉరికాను. ఎండకు పలచగా పరుచుకుని బూడిదలాగా ఎండిపోయి ఉంది. పట్టుకుంటే ఫినాయిల్ కంపు. అయినా కొంగులో ఎత్తుకొచ్చి తడి చేసి పెట్టాను. రోజూ చూశాను. పచ్చ కాదు కదా, తెల్లనూగు కూడా రాలేదు. మా దగ్గర గంపలు తీసుకుపోయిన ఇళ్ళన్నీ తిరిగాను. వాన మబ్బులు చూసి అందరూ ఎప్పుడో చేన్లకు తోలేసుకున్నారు. ఒకామె, "కొత్త ప్యాకెట్ తెచ్చుకోరాదక్కా, గంతకే ఏడుస్తరా?" అంది. ఆమెకేం చెప్పను? ఇంటి తోడు పోయిందని ఏడిస్తే దుకాణంలో పెరుగు కొనుక్కొచ్చుకోమన్నట్టుంది నాకు.

కర్మ అయిపోయిన సాయంత్రం పాలు కాచి చల్లార్చాను. రెండు పొయ్యిల్లోనూ తోడు చుక్క లేదు. అప్పటికే దీపం పెట్టారు, ఎవరింటికి పోయి అడుగుతాను? గిన్నె ముందు పెట్టుకుని ఉత్తగా కూర్చున్నాను. మూలకు కూర్చున్న ముసలామె, మా తోడికోడలి తల్లి, నా గిన్నె వైపు చూసింది.

"తొడిమె ఉన్న ఎండు మిరపకాయ ఉంటే వెయ్యి బిడ్డా. తోడు లేనప్పుడు మేం గట్లనే ఏస్తుంటిమి. అదే తోడుకుంటది."

మిరపకాయలకేం కొదవ? కానీ నా డబ్బాలోంచి తియ్యడానికి చెయ్యి రాలేదు. వాళ్ళ ఇంట్లోకి పోయాను. విత్తనానికని ఆమె ఏరి, మూట కట్టి దూలానికి వేలాడదీసిన కాయలు అట్లాగే ఉన్నాయి. వేపచెట్టు కింది జాగాలోవి అవి. అందులోంచి రెండు తీసుకొచ్చి పాలల్లో వేసి మూత పెట్టాను.

పొద్దున మూత తీస్తే పెరుగు గట్టిగా తోడుకుని ఉంది. ముసలామెకు అన్నంలో కలిపి పెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుని, "మా పిల్ల చేసినట్టే ఉన్నది" అంది. దాంతో నాకు కట్ట తెగింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెబుతారు. ఆ సామెత చెప్పినవాళ్ళు ఎప్పుడూ తోడికోడల్ని పోగొట్టుకుని ఉండరు. నవ్వే తోడికోడలు లేదని ఏడ్చాను నేను, ముసలామె ముందే, చిన్నపిల్లలాగా.

ఏడ్చి ఏడ్చి లేచాక తట్టింది. ఆమె కాయలోంచి పాలకు తోడు దొరికినప్పుడు, ఆమె చేలోంచి పెంటకు తోడు దొరకదా? పోయిన ఏడు ఆ సాళ్ళలో వేసింది ఆ కుప్పే. వేపచెట్టు నీడ పడే చోట ఎండ కూడా అంతగా దిగదు. తొలి వాన కూడా పడింది. ఉంటే అక్కడ ఉండాలి. దొరుకుతుందో లేదో నాకు తెలియదు, సారును అడిగితే ఏమంటాడో కూడా తెలియదు. గంప తీసుకుని బయలుదేరాను.

ఆ గట్టును నా జన్మలో ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. కొడవలి కావాలన్నా, పచ్చిమిరపకాయలు కావాలన్నా ఆమెను అడగకుండానే దాటేదాన్ని. ఆ పొద్దు మాత్రం కాలు లేవలేదు. ఆమె వస్తువు, ఆమెను అడగకుండా ఎట్లా తీసుకోవడం? గట్టు మీద నిలబడి, ఆమె గిన్నె పట్టుకున్నట్టు గంప ముందుకు పట్టుకున్నాను.

"చెల్లే, జర తోడున్నదా?"

చేను చేనులాగే ఉంది. పీకి పడేసిన మిరప కట్టెల మీద ఒక పిట్ట వాలి లేచిపోయింది. అయినా కాసేపు నిలబడ్డాను, ఆమె మా గడప ముందు నిలబడినంతసేపు. తరువాత గట్టు దిగి, వేపచెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తీశాను. పైన వేడిగా ఉన్నా లోపల చల్లగానే ఉంది. పిడికిట్లో పట్టి వాసన చూశాను. గంప నింపుకుని, పెరుగు బయటికి తీసుకుపోయేటప్పుడు కప్పినట్టు కొంగు కప్పి, దిష్టి తగలకుండా మీద ఒక ఎండు మిరపకాయ పెట్టి, ఇంటి దారి పట్టాను.

ఇన్నేళ్ళలో నాలుగు మాటలు అనకుండా నేను ఒక్కసారి కూడా ఆమెకు తోడు ఇవ్వలేదు. ఆమె ఒక్క మాట కూడా అనకుండా ఇచ్చింది.